పుంటికూరకు టికెట్

నవత శంషాబాద్ విమానాశ్రయానికి మొదటిసారి పోయినప్పుడు ఆమె దగ్గర పాస్‌పోర్టు లేదు, టికెట్ లేదు. చంకలో తడిగోనె చుట్టిన పుంటికూర మూట ఒక్కటే ఉంది. పుంటికూరంటే గోంగూరే.

లోపలికి పోయే గేటు దగ్గర తుపాకీ భుజాన వేసుకున్న జవాను హిందీలో టికెట్ అడిగాడు. నవతకు మెట్‌పల్లి అంగట్లో నేర్చుకున్న హిందీ వచ్చు.

"మేరేకు నక్కో సాబ్, ఇస్‌కు హోనా," అంది మూటను ముందుకు చాపి. నాకొద్దు, దీనికి కావాలి అని.

జవాను మూటను చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ మూటను చూశాడు. వెనక ట్రాలీలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ఆయనకూ నవ్వు ఆగలేదు. నవ్వుతూనే చెయ్యెత్తి దారి చూపించాడు. మనుషులు ఎక్కేది ఇక్కడ, సరుకు ఎక్కేది ఆ అవతలి షెడ్లలో, దాన్ని కార్గో అంటారు అని చెప్పాడు.

"గా మాట నేను గప్పుడే ఇన్న టీచరమ్మా," అని ఇప్పటికీ చెబుతుంది నవత. "కార్గో! ఏదో బిస్కెట్ పేరు లెక్క ఇనవడ్డది నాకు."

ఆ టీచరమ్మను నేనే. పేరు వనజ. మెట్‌పల్లికి దగ్గర్లో వాళ్ళ ఊరి బడిలో పాఠాలు చెబుతాను, వాళ్ళింటి ముందరి గదుల్లో అద్దెకుంటాను. కాబట్టి ఈ కథలో సగం నా కళ్ళతో చూసిందే. మిగతా సగం గోడ అవతలి నుంచి విన్నది. ఆ ఇంట్లో మెల్లగా మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు.

మా వైపు ప్రతి వీధిలోనూ ఇద్దరో ముగ్గురో దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. అందుకని శంషాబాద్ అంటే అక్కడివాళ్ళకు ఏడుపుల చోటు. ఒక్కడు పోతుంటే బండి నిండా సాగనంపేవాళ్ళు ఎక్కుతారు. పోయేటప్పుడు ఏడుస్తారు, వాడు అద్దాల వెనక్కు వెళ్ళిపోయాక ఏడుస్తారు, వచ్చేటప్పుడు సిద్దిపేటలో చాయ్ తాగి కొంచెం తేరుకుంటారు. నవత పెనిమిటి పరశురాములు కూడా అలా పోయినవాడే. దుబాయిలో ఒక సూపర్ మార్కెట్లో కూరగాయలు పేర్చే పని. రెండేళ్ళకోసారి వస్తాడు, ఉన్నన్ని రోజులు అందరినీ నవ్విస్తాడు, పోతాడు.

ఒకసారి సెలవు అయిపోయి పోతున్నప్పుడు నవత తెల్లవారుజామునే పెరట్లో ఎర్ర పుంటికూర కోసి, పేపర్లలో చుట్టి, అతని పెట్టెలో బట్టల మధ్యన కూరింది.

"అంగీలకు పులుపు వాసన వస్తదే," అన్నాడు పరశురాములు.

"రానీయ్. ఆ వాసనకన్న నేను యాదికొస్త."

దుబాయిలో దిగిన రోజే అతను ఆ కూరను పచ్చిమిరపకాయలతో ఉడికించి, ఎల్లిగడ్డతో పోపు పెట్టాడట. ఆ వాసన వరండా పొడుగునా పోయింది. పక్క గదుల్లో ఉన్న కోరుట్లవాళ్ళు, నిర్మల్‌వాళ్ళు కంచాలు పట్టుకుని వచ్చారు. సూపర్ మార్కెట్ మేనేజర్ మలయాళీ, అతనికీ ఒక గిన్నె వెళ్ళింది. మరునాడు ఆయన పరశురాములును పిలిపించి ఒకటే మాట అడిగాడు: ఇది రోజూ దొరుకుతుందా?

ఆ సాయంత్రం ఫోనొచ్చింది. స్పీకరు పెట్టే మాట్లాడుకున్నారు, నేను విన్నాను.

"నవతా, మన పెరట్ల పుంటికూర ఎంతున్నదే?"

"మేక తినంగ మిగిలినంత."

"మా మేనేజర్ వారానికి రెండుసార్లు కావాలంటుండు. పెద్ద మొత్తంల."

"పెద్దదంటె ఎంత పెద్దది?"

"మేకను అమ్ముకోవాల్సొచ్చేంత!"

పరశురాములు పరాచికానికి అన్నాడు. నవత పరాచికమనుకోలేదు. రెండు రోజుల తర్వాత ఊరి నుంచి ఎవరో దుబాయికి పోతుంటే, ఆ బండి నడిపే దేవదాస్‌ను అడిగి వెనక సీట్లో ఒక మూల కూర్చుంది. అట్లా వచ్చిందే ఆ గేటు దగ్గరి ముచ్చట.

కార్గో షెడ్ల దగ్గర ఒకాయన ఫోనులో ఎవరినో గట్టిగా తిడుతున్నాడు. పేరు విద్యాధర్, జమ్మికుంటవాడు. బెండకాయ, పచ్చిమిర్చి గల్ఫ్ దేశాలకు పంపే వ్యాపారం. ఆ రోజు బెండకాయ బండి టైరు పగిలి దారిలో ఆగిపోయింది. విమానంలో ఆయన మాట్లాడి పెట్టుకున్న చోటు ఖాళీగా పోబోతోంది. నవత అక్కడే నిలబడి అంతా విని, ఆయన ఫోను పెట్టెయ్యగానే ఎదురుగా వెళ్ళింది.

"సార్, మీ జాగ ఖాళీగ పోతుందంట గదా. గిది పెట్టుండ్రి."

విద్యాధర్ మూటను తేరిపార చూశాడు. "ఎవరమ్మా నువ్వు? ఏందిది?"

"పుంటికూర సార్. మెట్‌పల్లి దిక్కుది."

"అట్ల పెడితె పోదమ్మా. ఆకుకు కూడ పరీక్ష చెయ్యాలె, పురుగు లేదని కాయితం కావాలె."

"అంటె మనిషికి పాస్‌పోర్టు ఉన్నట్టా?"

విద్యాధర్ కోపం కాస్తా దిగిపోయింది. "అచ్చం గట్లనే," అన్నాడు నవ్వి. మూట విప్పి ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత ఆమె ఫోను నంబరు రాసుకుని, మూట మొత్తం తీసుకుని తన కారులో పెట్టుకున్నాడు. నవత ఇంకా ఇంటికి చేరకముందే ఫోను చేశాడు. "ఇంట్ల అందరు తిన్నరు. మా పిల్లలు గిన్నె గీకిండ్రు. నువ్వు ఎంత పండించగలుగుతవో చెప్పు, పరీక్షలు కాయితాలు నేను చూసుకుంట."

నవత వాకిట్లోకి అడుగుపెట్టేసరికి అత్త ఐలవ్వ మేకకు ఆకు వేస్తోంది. సంగతంతా విని ఐలవ్వ మొహం చిట్లించింది.

"పుంటికూరను ఎవడన్న కొంటడానే? అది గట్ల మీద అట్లనే మొలుస్తది."

"దుబాయిల గట్లు లేవు అత్తా."

ఐలవ్వకు జవాబు దొరకలేదు. అది మా వీధిలో చాలా రోజులు చెప్పుకున్న విశేషం. ఐలవ్వకు జవాబు దొరక్కపోవడం అంతకు ముందు ఎవరూ చూడలేదు.

వానాకాలం మొదట్లో వీధిలోని ఆడవాళ్ళు తలా ఇంత మెట్ట చెలకలో పుంటికూర చల్లారు. మొదటి కోత రోజు పండుగే. ఆకు మెరవాలని అందరూ కలిసి బకెట్లలో ముంచి ముంచి కడిగారు. పెట్టెల్లో కుక్కి కుక్కి నింపారు. పెట్టెలకు పసుపు బొట్లు కూడా పెట్టారు. దేవదాస్ బండి కదులుతుంటే ఎవరో కొబ్బరికాయ కొట్టారు.

మరునాడు పరశురాములు ఆ పెట్టెలు విప్పాడు. లోపల ఆకు లేదు, నల్లటి ముద్ద ఉంది.

నవత ఫోను చెవి దగ్గర పట్టుకుని, గోరు కొరుకుతూ నిలబడింది.

"ఏమైందయ్యా? చెప్పు."

"ఏం గాలే. జర ముందుగాలనే పచ్చడై వచ్చింది. ఉప్పు కారం నేనిక్కడ ఏసుకుంట."

నవతకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. మెట్ల మీద కూలబడి రెండూ కానిచ్చింది. విద్యాధర్ తిట్టలేదు. తడి ఆకు ఊపిరాడక ఉడికిపోతుందని, నీడలో ఆరబెట్టాలని, తొక్కి నింపకూడదని చెప్పి, చల్లటి గది ఉన్న బండిని మాట్లాడి పెట్టాడు.

ఆ తర్వాత నెలల్లో నేను చూసిందే నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. అంతకు ముందు ఆ మొగుడూ పెళ్ళాల మాటలు ఎప్పుడూ ఒకటే వరసలో ఉండేవి. తిన్నవా, తిన్న. పండుకున్నవా, పండుకుంట. ఇప్పుడు పరశురాములు అక్కడ పెట్టె విప్పుతూ వీడియో పెట్టేవాడు. ఈ కట్ట చూడు, కాడ ముదిరింది. గీ కట్ట బంగారం. నవత ఇక్కడ తల ఊపేది, తెల్లారి కోత మార్చేది. ఎండ పడకముందే కోస్తే ఎట్లుంటది, కాడలు పొట్టిగా కత్తిరిస్తే ఎట్లుంటది. ఆకు గురించి మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయేది. గోడ అవతల ఇద్దరూ పకపకా నవ్వుకునేవాళ్ళు. నేను పిల్లల కాపీలు దిద్దడం మానేసి వింటూ కూర్చునేదాన్ని.

సరుకు పచ్చగా చేరడం మొదలైంది. దుబాయిలో కొనే ఒక దుకాణం నాలుగైంది. వీధి చాలక పక్క ఊరు కూడా పుంటికూర చల్లింది. తర్వాత బచ్చలి, చుక్కకూర, లేత కాకర వచ్చి చేరాయి. ఊరి చివర ఎన్నేళ్ళుగానో మూతపడి ఉన్న రైస్ మిల్లు లింగారావు పటేల్‌ది. ఆయనే వచ్చి తాళాలు ఇచ్చాడు. "పందికొక్కులు తిరిగే బదులు మీరు తిరుగుండ్రి," అన్నాడు. అక్కడ ఫ్యాన్లు పెట్టారు, బల్లలు వేశారు. గాలి ఆడే అట్టపెట్టెలు కరీంనగర్‌లో ఒకాయన చేసి పంపడం మొదలుపెట్టి, ఆ పనికే మరో మిషను కొన్నాడు. మిల్లు ముందు చాయ్ హోటల్ వెలిసింది, దాని పక్కన పంక్చర్ దుకాణం. బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాలామంది కట్టలు కట్టే పనికి మారారు. రెండు వందల కిలోమీటర్ల అవతల విమానం లేస్తే ఇక్కడ మా ఊళ్ళో పంక్చర్ దుకాణానికి బేరం దొరుకుతుందని ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

గట్ల మీద మొలిచేదాన్ని ఎవడు కొంటాడన్న ఐలవ్వ మిల్లులో పెద్ద బల్ల దగ్గర కూర్చునేది. చిన్న చిల్లు కనబడినా కట్టను విసిరికొట్టేది. "ఇది విమానమెక్కుతదా? దీని మొఖానికి?" అనేది. విసిరికొట్టినవన్నీ మేక దగ్గరికి పోయేవి. మేక మాత్రం దున్నలా బలిసింది.

ఒకసారి దుబాయిలో కుండపోతగా వాన కురిసి విమానాలు ఆగిపోయాయి. శంషాబాద్ దాకా పోయిన సరుకు మొత్తం వెనక్కు వచ్చింది. నవత కాసేపు తల పట్టుకుని కూర్చుని, లేచి, ఇంటింటికీ పంచింది. ఊరంతా పుంటికూరే. మా బడిలో మధ్యాహ్న భోజనానికి పుంటికూర పప్పు, మరునాడు పుంటికూర పచ్చడి, ఆ మరునాడు మళ్ళీ పప్పు. నాలుగో రోజు మా హెడ్ మాస్టర్ ఆకాశం వైపు చూసి, "విమానాలు ఎప్పుడు లేస్తయి టీచర్?" అని దీనంగా అడిగాడు.

ఇంతలో నవత బండి నడపడం నేర్చుకుంది. అద్దె డ్రైవర్లు ఒకరోజు వస్తే ఒకరోజు రారు, ఆకు ఆగదు. దేవదాస్ పక్కన కూర్చుని నేర్పాడు. మిల్లు ఆవరణలో మొదటిరోజే ఒక కంచె పోయింది. లైసెన్సు చేతికొచ్చిన రోజు ఊరంతా ఒక చుట్టు తిప్పింది, నన్నూ ఐలవ్వనూ వెనక కూర్చోబెట్టుకుని. ఐలవ్వ కనబడినవాళ్ళందరికీ చెయ్యి ఊపింది.

అప్పుడు పరశురాములుకు ఫోను చేసింది. ఈసారి ఆమె గొంతు వేరుగా ఉంది, ఆఫీసు గొంతు.

"ఇగో, మా కాడ ఒక నౌకరి ఖాళీ ఉన్నది. ఆకు ఆడికి చేరేటాలకు ఎట్లైతదో తెలిసినోడు కావాలె. నీ ఎరుకల ఎవలన్న ఉన్నరా?"

అటువైపు నుంచి చిన్నగా, "నన్ను రమ్మంటున్నవానే?" అని వినబడింది.

"నౌకరి ఉన్నదన్న. రమ్మన్ననా? వస్తె ఇంటర్వ్యూ ఉంటది."

పరశురాములు వచ్చే రోజు సరుకు పోయే రోజు ఒక్కటే అయింది. అందులో నవత పథకం ఎంతుందో నేను అడగలేదు. సెలవు పెట్టి నేనూ, అతని కూతురు ప్రజ్ఞా ఇంటి దగ్గరే ఉండిపోయాం. జరిగింది ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పారు. రెండు కథలూ ఒక్కలాగే ఉన్నాయి, కాబట్టి నిజమే అయ్యుంటుంది.

మధ్యాహ్నం దాటాక పరశురాములు బయటికొచ్చి, దేవదాస్ కోసమో, చుట్టాల కోసమో వెతికాడు. ఎదురుగా మెరిసే నారింజరంగు కోటు వేసుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. కార్గో దగ్గర తిరగాలంటే ఆ కోటు వేసుకోవాలి. ఎయిర్‌పోర్టు మేడం ఎవరో అనుకుని పరశురాములు పక్కకు జరిగి దారిచ్చాడు.

"ఏందయ్యా, రెండేండ్లకే మర్షినవా?"

చేతిలో ఉన్న దుప్పటి మూట కింద పడిపోయిందట. ఆమెను తల నుంచి కాళ్ళ దాకా చూసి, "నీయవ్వ, నవతా!" అని అరిచాడట. చుట్టుపక్కలవాళ్ళందరూ తిరిగి చూశారు.

"నువ్వు వచ్చిన విమానమే తిరిగి దుబాయి పోతది తెలుసా? మన కూర అందులనే ఎక్కుతుంది."

"అంటె నన్ను దింపి నా జాగ దానికిచ్చినవా?"

"దానికి బేరం బాగున్నది."

బండి దగ్గరికి వచ్చి పరశురాములు డ్రైవరు కోసం చుట్టూ చూశాడు. నవత తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చుంది. అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కేదాకా అతను రెండు కాళ్ళతో లేని బ్రేకులు తొక్కుతూ, తలుపు పైన ఉండే పిడిని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.

"జర మెల్లగ! గా లారీ!"

"లారీకి నేను కనవడుతున్న. ఫికర్ చేయకు."

"నాకు గూడ కనవడుతున్నది, అదే పరేషాన్!"

శామీర్‌పేట దాటాక ఇంటర్వ్యూ మొదలైంది.

"దుబాయిల ఏం పని చేసినవ్?"

"కూరగాయలు పేర్చిన మేడం."

"పెండ్లయిందా?"

"అయింది. ఆమె జర తేజ్."

"అట్లనా. ఆడామె కింద పని చేస్తవా?"

పరశురాములు ముందున్న బస్సును, పక్కనున్న ట్రాక్టరును, స్పీడు చూపించే ముల్లును చూశాడు. "బండి ఎనభై దాటకుంటె ఎవలి కిందనన్న చేస్త," అన్నాడు. నవతకు నవ్వాగక బండిని పక్కకు తీసి ఆపింది. రోడ్డు వారన ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఎవరో బైకు ఆపి, ఏమైనా అయిందా అక్కా అని అడిగాడు. "నౌకరి అయింది!" అన్నాడు పరశురాములు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. ప్రజ్ఞ అప్పుడు రెండో తరగతి, నా దగ్గరే చదువుతుంది. తండ్రిని ఫోనులో చూసి చూసి అలవాటైన పిల్ల. పరశురాములు దిగగానే అతని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వీపు తట్టి చూసి, "బాపుకు వెనుక గూడ ఉన్నది!" అని ప్రకటించింది. అప్పటిదాకా నవ్విస్తున్న మనిషి ఆ మాటకు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఐలవ్వ కొడుకును కాసేపు పట్టుకుని, ముక్కు చీదుకుని, "తిని పండుకో. పొద్దుగాల కోత ఉన్నది," అంది.

అది పోయిన ఏడాది మాట. ఇప్పుడు పరశురాములు మిల్లులో ఉంటాడు. పక్క ఊళ్ళవాళ్ళు మరో ముగ్గురు గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఈ పనిలోనే చేరారు. పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. దేవదాస్ బండి ఖాళీగా ఏమీ లేదు. అయినా అందరూ ఏడ్చుకుంటూ పోయే దారిలో ఒక బండి పాటలు పెట్టుకుని పోతుందనే సంగతి మా వైపంతా పాకింది.

పాకి పాకి ఉట్నూరు దాకా చేరింది. మొన్న సీతాఫలాల కాలంలో అంబదాస్ అనే పెద్దమనిషి రెండు గంపలతో బస్సు దిగాడు. తలకు తెల్ల టోపీ, మాటలో మరాఠీ యాస.

"నమస్కార్ బాయీ. మా దిక్కు అడివిల సీతాఫల్ మస్తు అయితది. పండేది అడివిలనే, రాలేది అడివిలనే. మీ విమానంల గిది ఎక్కుతదా?"

ఆ గంపలు నడిమింట్లో పెట్టి అందరూ చుట్టూ కూర్చున్నారు. పరశురాములు దుబాయి మేనేజర్‌కు వీడియోలో చూపించాడు. విద్యాధర్ ఫోనులో లెక్కలు చెప్పాడు. పెట్టె ఎంతది ఉండాలి, చలి ఎంత కావాలి, ఏ రోజు తెంపాలి అని వాదించుకుంటుండగా పళ్ళు తమ పని తాము చేసుకుపోయాయి. సాయంత్రానికి ఒకటి పగిలింది, తర్వాత రెండోది. ఇల్లంతా తియ్యటి వాసన కమ్మింది.

ఐలవ్వ ఒకటి అందుకుని చీల్చింది. "ఇవి దుబాయి దాకా ఆగయి. ఈడనే తినుండ్రి."

వీధివాళ్ళను కూడా పిలిచారు. గింజలు ఎవరు దూరం ఉమ్ముతారని పరశురాములు పందెం పెడితే అంబదాస్ గెలిచాడు. మూతి తుడుచుకుంటూ ఆయన చెప్పాడు, కాయ మీది కండ్లు, అంటే ఆ బొడిపెలు, పూర్తిగా విచ్చుకోకముందే తెంపాలని, అది చెట్టు దగ్గరే చూసి తేల్చుకోవాలని.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే ఆ చెట్లు చూడడానికి ఉట్నూరు వైపు బండి తీశాం. కోత చూసుకోవడానికి పరశురాములును మిల్లులో ఉంచారు. అతను బుంగమూతి పెట్టుకుని టాటా చెప్పాడు. నవత స్టీరింగు ముందు, ఐలవ్వ మధ్యలో, కిటికీ పక్కన నేను. ఖానాపూర్ దాటాక రెండు వైపులా అడవి చిక్కబడింది. కొమ్మల మధ్య పచ్చటి సీతాఫలాలు కనబడగానే ఐలవ్వ నా మీదుగా కిటికీలోంచి సగం బయటికి వంగి, "అగో! అగో! ఇగో ఈ దిక్కు గూడ!" అని అరవడం మొదలుపెట్టింది. రోడ్డు మీద మా బండి తప్ప మరొకటి లేదు. అయినా నవత హారన్ మోగిస్తూనే ఉంది.